ఆరు కమాన్ల మల్గీ: పాత బజారులో సగం నిలిచిన ఒక ఇంటి కేస్ స్టడీ

ఉమ్మడి పాలమూరు జిల్లాలోని ఒక పాత వాణిజ్య పట్టణంలో, బజారు నడిబొడ్డున, కింద దుకాణం, పైన నివాసం ఉండేటట్టు కట్టిన ఒక ఇంటి విషయంలో 2021 ఎండాకాలం నుంచి దాదాపు మూడేళ్లపాటు నేను స్ట్రక్చరల్ ఇంజినీరుగా పని చేశాను. యజమానులు ఇద్దరు అన్నదమ్ములు. వారి కోరిక మేరకు పట్టణం పేరు, వీధి పేరు, కిరాయి అంకెలు ఇక్కడ ఇవ్వడం లేదు. కొలతలు, పగుళ్ల వివరాలు, చేసిన మరమ్మతులు మాత్రం సైటు పుస్తకంలో రాసుకున్నవి రాసుకున్నట్టుగానే ఇస్తున్నాను. ఆ ఇంట్లో సగం ఇవాళ నిలిచి ఉంది, సగం లేదు. రెండు సగాలదీ ఒకే రాయి, ఒకే సున్నం, ఒకే కాలపు పనితనం. అయినా ఒకటి నిలిచి మరొకటి ఎందుకు పోయిందన్న ప్రశ్నకు నేను మొదట అనుకున్న జవాబు వేరు, పని ముగిసేసరికి తేలిన జవాబు వేరు.

ఇంటి కట్టుబడి

ఇంటి ముఖం వీధి వైపు 30 అడుగులు, లోతు 84 అడుగులు, మొత్తం 280 గజాల జాగా. పాత బజార్లలో చాలా ఇళ్లు ఇలాగే ముఖం చిన్నగా, ఒళ్లు పొడవుగా ఉంటాయి. వీధిని ఆనుకున్న ప్రతి అడుగూ వ్యాపారానికి పనికొచ్చేదే కనుక ఆ అడుగులను వీలైనంత మంది పంచుకున్నారు. ఈ ఇంటికి వీధి వైపు ఆరు కమాన్లు ఉండేవి. ఒక్కో కమాను మూడు అడుగుల వెడల్పు, కమానుకూ కమానుకూ మధ్య అడుగు ముప్పావు రాతి దిమ్మె. ఇంటి నడుమ ముందు నుంచి వెనక దాకా 20 అంగుళాల మందంతో ఒక గోడ ఉంటుంది, దానికి అటు మూడు కమాన్లు, ఇటు మూడు కమాన్లు. పంపకాల్లో ఒక సగం అన్న వాటా, రెండో సగం తమ్ముని వాటా అయ్యాయి. కింద 30 అడుగుల లోతున మల్గీ, అంటే దుకాణపు గది, దాని వెనక గోదాము, ఆ వెనక ఆకాశం కనబడే వాకిలి, చేద బావి, వంటిల్లు. మల్గీ మీద ఒక్కో సగానికి రెండేసి గదులు, వీధి మీదికి టేకు చెక్క బాల్కనీ. నేల అంతా షాబాద్ బండలు.

కింది గోడలు రాతివి, మట్టితో కట్టి సున్నంతో దరులు నింపినవి. పై అంతస్తు ఇటుకా సున్నం. కప్పు కోసం నడిమి గోడ మీద నుంచి పక్క గోడ మీదికి నాలుగు అడుగులకొకటి చొప్పున ఇనుప గర్డర్లు వేసి, ఆ గర్డర్ల మధ్య ఇటుకలతో చిన్న చిన్న కమాన్లు తిప్పి, పైన డంగు సున్నపు (గానుగలో నూరిన సున్నపు) కంకర వేసి అణగగొట్టారు. పెచ్చులూడిన చోట గర్డరు నడుము మీద డార్మన్ లాంగ్ అనే ఇంగ్లండు ఉక్కు కంపెనీ పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో చదవగలిగాను. నిజాం రైల్వే వారి మీటర్ గేజ్ లైను మహబూబ్‌నగర్ మీదుగా దక్షిణానికి సాగిన తర్వాతి కాలపు ఇళ్లలోనే ఈ ప్రాంతంలో ఇటువంటి గర్డర్ల కప్పులు ఎక్కువగా కనిపిస్తాయి. అంతకు ముందరివి టేకు దూలాల మిద్దెలు.

ఈ కప్పు పని చేసే తీరును ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగిన నష్టంలో కొంత దీన్ని తెలుసుకోకపోవడం వల్లనే జరిగింది. కమాను తన మీద పడ్డ బరువును కిందికే కాక పక్కలకు కూడా తన్నుతుంది. వరుసగా ఉన్న కమాన్లలో ఒకదాని తన్నును పక్కది ఆపుతుంది. వరుస చివర ఉన్న కమాను తన్నును మాత్రం ముందు గోడా వెనక గోడా తమ బరువుతో ఆపుకోవాలి. కనుక ఇటువంటి ఇంట్లో ముందు గోడ అంటే తలుపులు బిగించుకునే అడ్డం మాత్రమే కాదు, కప్పును పట్టి ఉంచే కట్టడం.

షటర్లు వచ్చినప్పుడు

మొదట్లో ప్రతి కమానుకూ రెండు రెక్కల చెక్క తలుపులు, వాటి ముందు అరుగు ఉండేవి. సరుకు లోపల ఉండేది, బేరం అరుగు మీద జరిగేది. రోలింగ్ షటర్లు వచ్చాక మూడు అడుగుల సందులు ఎవరికీ చాలలేదు. సరుకు వీధిలో నడిచే మనిషికి కనబడాలన్న కోరికతో అన్న వాటాలోని రెండు దిమ్మెలనూ తీసేసి పన్నెండున్నర అడుగుల ఒకే ఖాళీ చేశారు. తమ్ముని వాటాలో ఒక దిమ్మె తీసి రెండు కమాన్లను కలిపారు, మూడో కమాను దాని మానాన అది మిగిలింది. తీసిన దిమ్మెల పైబరువు మోయడానికి ఇనుప దూలాలు దూర్చారు గాని, దూలం చివరల కింద బరువును గోడలోకి పరిచే బండ వేయలేదు. పై అంతస్తు ముందు గోడా, బాల్కనీ బరువూ కలిసి మట్టితో కట్టిన రాళ్ల మీద జానెడు జాగాలో వచ్చి కూర్చున్నాయి.

రెండో మార్పు వీధిది. పాత తారు తవ్వకుండానే దాని మీద కొత్త తారు, ఆ పైన సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోవడంతో ఒకప్పుడు రెండున్నర అడుగుల ఎత్తున్న అరుగు నేను చూసేనాటికి తొమ్మిది అంగుళాలు మిగిలింది. పూడిపోయిన మెట్లు వీధి కిందే ఉన్నాయని గుంత తవ్వించినప్పుడు కనబడ్డాయి. వాన నీరు గోడ మొదట్లో నిలిచి రాతి దరుల్లోని మట్టిని మెత్తబరుస్తోంది. ఆ తడి కనబడకుండా యజమానులు సిమెంటుతో గిలాబు (గోడ పూత) చేయించారు. సున్నపు గిలాబు అయితే లోపలి తడిని మెల్లగా బయటికి వదులుతుంది. సిమెంటు గిలాబు దాన్ని గోడలోనే బంధిస్తుంది, నీటిలోని లవణాలు రాతికీ గిలాబుకూ మధ్య గడ్డకట్టి నాలుగైదేళ్లలో గిలాబును పొట్టులా ఎత్తేస్తాయి. ఊడిన ప్రతిసారీ మరింత మందంగా సిమెంటు కొట్టించారు. తమ్ముని వాటా గోడ మీద ఇలా మూడు పొరలు లెక్కపెట్టాను.

రోడ్డు విస్తరణ కోసం ఇంటి ముఖం నుంచి లోపలికి ఆరు అడుగుల దగ్గర ఎర్ర రంగుతో గీత గీశాక నన్ను పిలిచారు. 2016 అక్టోబరులో ఉమ్మడి జిల్లా విడిపోయి కొత్త జిల్లాలు ఏర్పడ్డప్పటి నుంచి ఈ ప్రాంతపు పట్టణాల్లో జాగాల ధరలు, రోడ్ల మీది రద్దీ రెండూ పెరిగాయి. బజారు వీధుల్లో ఇటువంటి గీతలు కొత్తేమీ కాదు. అన్నకు పాత ఇల్లు తీసేసి కొత్త కాంప్లెక్స్ కట్టాలని ఉంది. తమ్ముడు ఉంచాలనుకుంటున్నాడు గాని, కూలుతుందేమోనని భయం. నన్ను అడిగింది ఒక్కటే: ఇల్లు నిలబడుతుందా, లేదా?

గాజు స్లైడ్లు చెప్పింది

షటర్ల పైన రెండు వాటాల్లోనూ ఏటవాలు పగుళ్లు ఉన్నాయి. పగులు ఉందా లేదా అన్నదానికన్నా అది ఇంకా కదులుతోందా అన్నది ముఖ్యం. సైన్సు ల్యాబుల్లో వాడే పలచటి గాజు స్లైడ్లను పగులుకు అడ్డంగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి, తేదీ రాసి పెట్టాను. గోడ ఏమాత్రం కదిలినా గాజు విరుగుతుంది. జూన్ మొదట్లో అన్న వాటాలో అయిదు, తమ్ముని వాటాలో అయిదు పెడితే, దసరా నాటికి అన్న వాటాలో నాలుగు విరిగాయి, తమ్ముని వాటాలో ఒకటి విరిగింది. కప్పు గర్డర్లలో తుప్పు పైపొరకే పరిమితమై ఉంది, బాల్కనీ పక్కన వాన కొట్టే చోట రెండు గర్డర్ల అంచులు మాత్రం పొరలు పొరలుగా లేచాయి. పైన సున్నపు కప్పు మీద ఎవరో వేయించిన సిమెంటు కంకర ఎండకు పగిలి, ఆ పగుళ్ల నుంచి నీరు దిగుతోంది. పిట్టగోడలో రావి మొక్క మొలిచింది.

నా మొదటి రిపోర్టులో రెండు వాటాలూ బాగుపడతాయని రాశాను. అన్న వాటాలో ఒక దిమ్మెనైనా తిరిగి కట్టి దూలం కింద బండలు వేయాలని, తమ్ముని వాటాలో చిన్న మరమ్మతు చాలని, పైకప్పు మీది సిమెంటు తీసేసి మళ్లీ సున్నం వేయాలని సూచించాను. ఇంజినీరింగ్ పరంగా ఆ రిపోర్టులో తప్పు లేదు. కాని అది వారి ప్రశ్నకు జవాబు కాలేదు. రిపోర్టు చదివి వినిపించిన రోజున తమ్ముడు అన్న మాట నా సైటు పుస్తకంలో ఉంది: "ఇల్లు గట్టిగనే ఉన్నది సార్, ఇల్లు సంపాయిస్తలేదు."

కోసేసిన మెట్లు

ఆ మాట విన్నాక మళ్లీ ఇంటికి వెళ్లి, పగుళ్లు చూడడం మాని, ఆ ఇంట్లో ఏ గది నుంచి ఎంత కిరాయి వస్తోందో గది గదికీ రాసుకున్నాను. పై అంతస్తులోని నాలుగు గదుల నుంచీ పాతికేళ్లకు పైగా ఒక్క పైసా రావడం లేదు. ఎందుకంటే పైకి వెళ్లే దారి లేదు.

పాత మెట్లు టేకువి, అన్న వాటా మల్గీ లోపల, గల్లాపెట్టె వెనక నుంచి పైకి వెళ్తాయి. దుకాణమూ ఇల్లూ ఒకే కుటుంబానివి అయినన్నాళ్లూ ఆ మెట్లు అక్కడ ఉండడం సబబే. యజమాని రాత్రి లెక్క చూసుకుని, తలుపులు మూసి, అటునుంచే పైకి వెళ్లి పడుకునేవాడు. కుటుంబం కాలనీకి మారి, మల్గీ కిరాయికి పోయాక ఆ మెట్లు కిరాయిదారు దుకాణంలో చిక్కుకున్నాయి. దుకాణం గుండా పరాయి మనుషులు పైకీ కిందికీ తిరగడానికి ఏ వ్యాపారీ ఒప్పుకోడు. చివరికి ర్యాకు పట్టడం లేదని కింది మూడు మెట్లు రంపంతో కోసేశారు. నేను ర్యాకు జరిపించి చూసినప్పుడు నాలుగో మెట్టు నా నడుము ఎత్తులో గాలిలో ఉంది. కోత పడ్డ చోట టేకు ఇంకా పచ్చగా, చేవ చెడకుండా ఉంది. ఆ పైన ఉన్న మెట్ల మీద వేలు పెడితే దుమ్ములో గుర్తు పడేంత కాలంగా ఎవరూ ఎక్కలేదు.

దీని పర్యవసానం కప్పు దాకా పోయింది. పైకి ఎవరూ వెళ్లకపోతే కారుతున్న సంగతి ఎవరికీ తెలియదు. తెలిసినా, కిరాయి రాని గదుల కోసం డబ్బు పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు. నీరు గర్డర్లలోకి దిగుతుంది, పిట్టగోడలో మొక్క వేరు పోసుకుంటుంది. ఒకనాడు కింది మల్గీలో పెచ్చు ఊడి పడగానే "ఇల్లు పాతబడింది" అంటారు. ఈ ప్రాంతపు బజార్లలో నేను చూసిన పాత ఇళ్లలో పది పన్నెండింటి కథ ఇదే. వయసు వల్ల పోయిన ఇల్లు వాటిలో ఒకటి కూడా లేదు. కింద ముఖం ఒక్కటే సంపాదిస్తూ, మిగతా ఇల్లంతా దాని మీద ఆధారపడి బతికే స్థితి వచ్చినప్పుడే ఇల్లు ఓడిపోతోంది.

తమ్ముని వాటాకు పడమట మూడున్నర అడుగుల గల్లీ ఉంది. గల్లీ నుంచి వెనక వాకిట్లోకి ఒక పాత దర్వాజ ఉండేది, ఎప్పుడో ఇటుకలతో మూసేశారు. దాన్ని తెరిచి, వాకిట్లో ఇనుప మెట్లు వేస్తే దుకాణంతో సంబంధం లేకుండా పై అంతస్తుకు సొంత దారి వస్తుంది. నడిమి గోడలో పై అంతస్తులో ఒక దర్వాజ ఎలాగూ ఉంది కనుక అవే మెట్లు అన్న గదులకూ పనికొస్తాయి. రెండో రిపోర్టులో ఇదే మొదటి సూచన, గోడల మరమ్మతు దాని తర్వాతే.

కొత్త కాంప్లెక్స్ లెక్క

అన్న గీయించిన కొత్త ప్లానును ఆయన ముందే టేపుతో వీధిలో పెట్టి చూపించాను. రోడ్డుకు ఆరు అడుగులు పోగా, ముందు సెట్‌బ్యాక్ (నియమం ప్రకారం వదలాల్సిన ఖాళీ) మరో అయిదు అడుగులు వదిలితే, కొత్త దుకాణం ఇప్పుడున్న వీధి అంచు నుంచి 11 అడుగులు లోపల మొదలవుతుంది. 15 అడుగుల వాటాలో రెండు వైపులా తొమ్మిది అంగుళాల గోడలు, పై అంతస్తులకు మూడున్నర అడుగుల మెట్ల దారి తీసేస్తే దుకాణానికి మిగిలేది పది అడుగులు. పాత మల్గీ లోపలి వెడల్పు పన్నెండున్నర. పాత ఇల్లు వీధిని ఆనుకుని, పక్కింటిని ఆనుకుని, ఖాళీ వదలకుండా నిలబడి ఉండడమే దాని పెద్ద ఆస్తి, దాన్ని కూల్చిన క్షణం నుంచి ఆ హక్కు తిరిగి రాదు, 2012 భవన నిర్మాణ నియమాలు కొత్త కట్టడానికి ఖాళీ స్థలాలూ పార్కింగూ అడుగుతాయి. రోడ్డుకు పోయిన స్థలానికి బదులు టీడీఆర్ (వేరే చోట వాడుకోగల లేదా అమ్ముకోగల నిర్మాణ హక్కు) గాని, సెట్‌బ్యాక్‌లో సడలింపు గాని కోరవచ్చు, కాని వీధి ముఖం మీది రెండున్నర అడుగుల వెడల్పును అవి తెచ్చిపెట్టవు.

ఆయన నా లెక్కను కాదనలేదు. కొత్తదానిలో మూడు అంతస్తులు వస్తాయి కదా అన్నారు. అదే వీధిలో కొత్త కాంప్లెక్సుల మొదటి, రెండో అంతస్తుల మీద వేలాడుతున్న టులెట్ బోర్డులను ఇద్దరం నడిచి చూశాం. అయినా ఆయన నిర్ణయానికి మూలం వేరే ఉంది, దాన్ని దాచకుండా చెప్పారు: "తమ్ముని జాగల నుంచి నా కిరాయిదారు పైకెక్కుడా సార్? ఇయ్యాల మేమిద్దరం మంచిగనే ఉన్నం. రేపు మా పిల్లలు?"

ఈ ప్రశ్నకు నా దగ్గర గట్టి జవాబు లేకపోయింది. దారి హక్కును రిజిస్టర్ చేయించుకోవచ్చని చెప్పాను, వకీలు దగ్గరకు కూడా వెళ్లారు, కాని ఆయన మనసు ఒప్పలేదు. ఆ భయం న్యాయమైనదే. పాత బజార్లలో పాలు పంచుకున్న ప్రతి ఇంట్లోనూ గోడ నిలువునా చీలుతుంది, మెట్లు మాత్రం ఒక్కరికే దక్కుతాయి. పంపకాల రోజునే రెండో వాటాకు దారి ఆలోచించి ఉంటే ఆ ఇంటి రెండు సగాలూ ఇవాళ నిలిచి ఉండేవని నా నమ్మకం.

అనుమతి దశలో ఎవరూ అడ్డు చెప్పే అవకాశమే లేదు. భవన అనుమతుల కోసం తెచ్చిన టీఎస్ బీపాస్ చట్టం 2020లో వచ్చాక ఇటువంటి కట్టడాలకు 21 రోజుల్లో అనుమతి ఇవ్వాలి. ఆ వేగం ప్రజలకు మంచిదే. కాని దరఖాస్తు అంతా కట్టబోయే దాని గురించి, కూల్చబోయే దాని విలువ తేల్చే దశ అందులో లేదు. రాష్ట్ర వారసత్వ చట్టం 2017లో వచ్చింది, అయితే దాని రక్షణ జాబితాకెక్కిన కట్టడాలకే. వనపర్తి సంస్థానం ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ కళాశాల నడుస్తోంది, గద్వాల కోటలోపల కళాశాల ఉంది, అలా వాడుకలో ఉండడం వల్లనే ఆ గోడలు అంతో ఇంతో నిలిచాయి. వ్యాపారి ఇంటికి అటువంటి సర్కారీ వాడుక దొరకదు, మల్గీయే దానికి దిక్కు. హైదరాబాద్‌లో 1935 నాటి మోజంజాహీ మార్కెట్‌ను బాగుచేసినప్పుడు కూడా దాని దుకాణాల్లో వ్యాపారం సాగనిచ్చారు, అదే సరైన దారి. అహ్మదాబాద్ పాత నగరంలో వారసత్వపు ఇంటిని కాపాడుకునే యజమానికి టీడీఆర్ దక్కే పద్ధతి ఉంది. మన చిన్న పట్టణాల బజారు ఇళ్లకు కూడా అది వర్తిస్తే, అన్నలాంటి యజమానితో మాట్లాడడానికి మాలాంటి వారికి చేతిలో ఏదైనా ఉంటుంది.

సగం కూల్చడం

ఈ కేసులో ఇంజినీర్లకు అన్నిటికన్నా పనికొచ్చే భాగం ఇది. నడిమి గోడలో రెండు వైపుల గర్డర్ల చివరలూ ఒకే గూటిలో పక్కపక్కనే కూర్చున్నాయి. అన్న వాటా తీసేటప్పుడు అటు గర్డరును లాగితే ఇటు గర్డరు కూర్చున్న రాళ్లు కదులుతాయి. అందువల్ల మూడు షరతులు రాసిచ్చాను. నడిమి గోడకు నాలుగు అడుగుల దాకా జేసీబీ రాకూడదు, అక్కడ చేతితోనే విప్పాలి. గర్డరును గోడలోంచి లాగకూడదు, గోడ అంచున గ్యాస్ కట్టరుతో కోసి, లోపలి ముక్కను అక్కడే వదిలేయాలి. కప్పు కమాన్లను వెనక నుంచి ముందుకు వరుసగా విప్పాలి, మధ్యలో ఒక్కటి తీస్తే మిగతావి ఒకదాన్నొకటి తన్నుకుని కూలుతాయి.

మొదటి రెండు రోజులు అంతా సవ్యంగా సాగింది. మూడో రోజు నేను లేనప్పుడు, పని తొందరగా కావాలని జేసీబీ పంజాతో రెండు గర్డర్లను లాగేశారు. తమ్ముని వాటాలో మిగిలిన నాలుగు గాజు స్లైడ్లలో మూడు ఆ మధ్యాహ్నమే విరిగాయి. నడిమి గోడ మీద, లాగిన గూళ్ల ఎదురుగా, వెంట్రుక మందం పగుళ్లు రెండు వచ్చాయి. సాయంత్రానికి చేరుకుని పని ఆపించి, తమ్ముని వాటా గర్డర్ల కింద రాత్రికి రాత్రే జాకీలు పెట్టించాం. ఖాళీ అయిన రెండు గూళ్లలో పాత రాళ్లనే కడిగి, సున్నమూ సుర్కీ (ఇటుక పొడి) కలిపిన గారతో బిగించి కట్టాం. అక్కడ సిమెంటు వాడలేదు, చుట్టూ ఉన్న మెత్తటి కట్టుబడిలో ఒక్కచోటే గట్టి ముద్ద పెడితే బరువంతా దాని అంచుల మీదికి చేరుతుంది. మిగతా గర్డర్లను గోడ అంచునే కోశారు. పక్కన కొత్త గోడ లేచేదాకా, ఆ గోడకు అవతలి వైపు నుంచి చూస్తే, నాలుగేసి అడుగులకొకటి చొప్పున కోసిన ఇనుప చివరలు వరుసగా కనబడేవి.

షరతులు కాగితం మీద రాసిస్తే సరిపోదని అప్పటి నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. పక్క ఇల్లు నిలిచి ఉండగా కూల్చే పని ఏదైనా, ఉమ్మడి గోడ పూర్తయ్యేదాకా సైటులో మా మనిషి ఒకరు ఉంటేనే ఒప్పుకుంటున్నాను.

నిలిచిన సగం

తమ్ముని వాటాలో ఎర్ర గీత అలాగే ఉంది. ఆ ఆరు అడుగులు కోస్తే చివరి కమాను తన్నును ఆపే గోడ పోతుంది, బాల్కనీ పోతుంది, ఇంటి ముఖమే పోతుంది. కాబట్టి వేరే మార్గం ఆలోచించాం: రోడ్డుకు కావలసింది నడిచే వారికి దారి అయితే, గోడను కోయకుండానే ఆ దారిని ఇవ్వవచ్చు. ముందు గోడనూ పై అంతస్తునూ ఉన్నచోటే ఉంచి, మల్గీ తలుపులను ఆరు అడుగులు లోపలికి జరిపాం. కమాన్లకూ కొత్త తలుపులకూ మధ్య గోడ మందం పోగా నాలుగు అడుగుల నాలుగు అంగుళాల వసారా మిగిలింది, జనం ఎండా వానా తగలకుండా దాని గుండా నడవవచ్చు. ఇందుకోసం తీసేసిన దిమ్మెను తిరిగి కట్టాల్సి వచ్చింది. గోడకు అడ్డంగా ఇనుప దూలాలు దూర్చి, రెండు వైపులా జాకీలతో ఎత్తిపట్టి, కింద గట్టి నేల దాకా తవ్వి, కూలిన సగంలోంచి ఏరి పెట్టుకున్న రాళ్లతోనే ఆ దిమ్మెను లేపాం. పాత సుతారి (తాపీ మేస్త్రీ) ఒకాయన పక్క మండలం నుంచి వచ్చి కమాను తిప్పారు. డంగు సున్నం కలపడం తెలిసిన చేతులు ఇప్పుడు ఈ చుట్టుపక్కల వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మాత్రమే ఉన్నాయి.

కిరాయిదారు మొదట ఒప్పుకోలేదు. దుకాణం లోతు ఆరు అడుగులు తగ్గుతోంది, షటరు వీధి మీద ఉండదు. కమాన్ల ఖాళీల్లోంచి సరుకు ఎంత కనబడుతుందో చూపడానికి, పాత షటరు తీయకముందే లోపల ఆరు అడుగుల దగ్గర తెల్ల గుడ్డ కట్టి, దాని ముందు చీరలు వేలాడదీసి, ఎదుటి వైపు కాలిబాట మీద నిలబెట్టి ఆయనకే చూపించాం. నీడలో ఉన్న సరుకు రంగు ఎండలో ఉన్నదానికన్నా నిండుగా కనబడుతుందని ఆయనే అన్నారు. అరుగు వీధికి తొమ్మిది అంగుళాలే ఉండడం ఇక్కడ కలిసొచ్చింది, ఒక చివర చిన్న వాలు కట్టడంతో ముసలివారూ పిల్లల బండ్లూ సులువుగా ఎక్కుతున్నాయి. నీటికి మాత్రం గోడ మొదట్లో వేరే కాలువ తవ్వక తప్పలేదు.

గల్లీ దర్వాజ తెరిచాం. వాకిట్లో మధ్యలో ఒక మలుపుతో 22 ఇనుప మెట్లు వేశాం. పైకప్పు మీది సిమెంటును సుత్తి, ఉలితో తీయించి, ఇటుక కంకర, సున్నం వేసి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ చెక్కలతో కొట్టించాం. పాడైన రెండు గర్డర్ల పక్కనే కొత్త గర్డర్లు చేర్చాం, పాతవి తీయలేదు. ముందు కమాను తన్నును పట్టడానికి గర్డర్ల మధ్య ఇనుప కడ్డీలు బిగించాం. ఎప్పుడైనా ముందు గోడను కోయక తప్పని రోజు వస్తే కప్పు కూలకుండా ఉండాలన్న ముందుజాగ్రత్త కూడా అందులో ఉంది.

పై గదుల్లో ఒకదానిలో కుట్టు శిక్షణ నడుస్తోంది, రెండోది ఒక అకౌంటెంటుకు కిరాయికి పోయింది. రెండింటి కిరాయీ కలిపినా మల్గీ కిరాయిలో మూడో వంతు లేదు. అయినా కప్పు మరమ్మతుకూ రంగులకూ ఏటా అయ్యే ఖర్చు ఆ కిరాయిలోనే వెళ్లిపోతోంది, ఈ ఇంటికి కావలసింది కూడా అంతే. కారిన రోజునే పైనున్నవారు ఫోను చేస్తున్నారు.

లోపాలు కూడా ఉన్నాయి. వసారా 15 అడుగుల పొడవు మాత్రమే, అటుపక్క గోడ, ఇటుపక్క గల్లీ, కనుక నడిచేవారు అక్కడికి వచ్చి మళ్లీ రోడ్డు మీదికి దిగాల్సిందే. వరుసగా నాలుగైదు ఇళ్లు ఇలా చేస్తే తప్ప అది బాట కాదు. వసారాలో ద్విచక్ర వాహనాలు పెట్టకుండా ఆపడానికి కిరాయిదారు రోజూ పోరాడుతున్నారు. ఎర్ర గీత విషయంలో, వసారాను ప్రజల దారిగా రాసిస్తామంటూ తమ్ముడు పెట్టిన అర్జీ మీద నేను ఇది రాసే నాటికి నిర్ణయం రాలేదు. అన్న వాటాలో కొత్త కాంప్లెక్స్ లేచింది. దాని దుకాణం ముందు వదిలిన ఖాళీలో ఇప్పుడు రేకుల చూరు దింపి సరుకు పెట్టారు.

కొత్త కాంప్లెక్స్ గోడకూ పాత నడిమి గోడకూ మధ్య రెండు అంగుళాల ఖాళీ వదిలించాం, ఒకదాని కదలిక మరొకదానికి తాకకుండా. ఆ ఖాళీలోకి వాన నీరు దిగకుండా పైన జింకు రేకు కప్పించాం, కోసిన గర్డరు చివరలకు ఆ రేకు వేయకముందే రెండు పూతలు రెడ్ ఆక్సైడ్ పట్టించాం. తమ్ముని వాటాలో కొత్తగా ఆరు స్లైడ్లు పెట్టాను, రెండు వానాకాలాలు గడిచాయి, ఆరూ విరగకుండా ఉన్నాయి. అన్న వాటాలోని పాత టేకు మెట్లలో బాగున్నవి పధ్నాలుగు దొరికితే, వాటిని గల్లీ దర్వాజ చట్రానికీ, బాల్కనీ కటకటాలకూ వాడుకున్నాం.